తీయించేయాలా... ఆగాలా?

కిడ్నీలో రాయి ఉందని రిపోర్టు వస్తే ఇల్లంతా కంగారు. గడ్డ ఉందంటే ఇక చెప్పనే అక్కర్లేదు. ఎవరి నోటైనా ముందుగా వచ్చే మాట... 'తీయించేద్దాం'. మూత్ర వ్యవస్థకు వచ్చే జబ్బుల మీద గత పాతికేళ్లలో జరిగిన పెద్ద పెద్ద పరిశోధనలు తేల్చాలని చూసింది కూడా ఆ మాట సంగతే. కొన్నిచోట్ల అవి తొందరెందుకన్నాయి. కొన్నిచోట్ల ఒక్కరోజు కూడా ఆగొద్దన్నాయి.

ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యారనుకుందాం. బీపీ లేదు, షుగర్‌ లేదు. పిల్లలు పట్టుబడితే మాస్టర్‌ హెల్త్‌ చెకప్‌ చేయించుకున్నారు. రిపోర్టులో రెండు విషయాలు బయటపడ్డాయి. ఎడమ కిడ్నీలో 4 మిల్లీమీటర్ల రాయి. రక్తపరీక్షలో పీఎస్‌ఏ ఉండాల్సినదానికన్నా ఎక్కువ. అంతే, ఆ సాయంత్రం ఇంట్లో చిన్నపాటి సభ! 'ఏ నొప్పీ లేదు కదండీ, ఇప్పుడెందుకివన్నీ' అంటుంది ఆవిడ. 'ఎందుకైనా మంచిది నాన్నా, రెండూ ఒకేసారి చేయించేసుకోండి' అంటాడు డాలస్‌ నుంచి ఫోన్లో కొడుకు. 'మా ఆఫీసులో ఒకాయనకి కొండపిండాకు రసం తాగితే రాయి పడిపోయింది బావగారూ' అని బావమరిది. ఆయన మాత్రం ఎవరికీ జవాబు చెప్పకుండా రిపోర్టు మళ్లీ మళ్లీ తిరగేస్తూ కూర్చుంటారు.

ఇలాంటి సభ జరగని వీధి ఇప్పుడు దాదాపుగా లేదు. స్కానింగ్‌ సెంటర్లు ఊరూరా వచ్చాక, ఏ బాధా పెట్టకుండా ఒంట్లో ఓ మూల పడి ఉన్న రాళ్లూ గడ్డలూ ఎన్నో కంటికి కనిపిస్తున్నాయి. కనిపించినదాన్ని ఏం చేయాలన్నదే చిక్కు.

దారికి అడ్డుపడితేనే...

ముందు రాయి. కిడ్నీలో కదలకుండా కూర్చున్న రాయి సాధారణంగా నొప్పి పెట్టదు. అది జారి, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే సన్నటి నాళంలో ఇరుక్కుందంటే మాత్రం... నడుము పక్కన మొదలై గజ్జల దాకా పాకే ఆ నొప్పికి ఎంతటివాళ్లయినా మెలికలు తిరిగిపోతారు. ఆ రాత్రి పడ్డ బాధకి మర్నాడు పొద్దున్నే ఆపరేషన్‌ టేబుల్‌ ఎక్కడానికైనా సిద్ధమే!

కానీ ఎక్కాల్సిన అవసరం అందరికీ ఉండదు. నాళంలో ఇరుక్కున్న రాయి 5 మిల్లీమీటర్ల లోపుదైతే దానంతటదే బయటికి పోయే అవకాశం 68 శాతం. 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉంటే 47 శాతం. అమెరికా, యూరప్‌ యూరాలజిస్టుల సంఘాలు పాత అధ్యయనాలన్నింటినీ కలిపి చూసి 2007లో చెప్పిన లెక్కలివి.

మరి రాయి త్వరగా జారిపోవడానికి రాసే మాత్రల మాటేమిటి? నాళాన్ని వదులు చేస్తుందని టామ్సులోసిన్‌ అనే మందును ప్రపంచమంతా ఏళ్ల తరబడి రాశారు. అది నిజంగా పనిచేస్తుందా అని బ్రిటన్‌లో 24 ఆస్పత్రుల్లో 1,167 మంది మీద పరీక్షించారు. కొందరికి ఆ మందు, కొందరికి నిఫెడిపిన్‌, మిగతావాళ్లకి ఏ మందూ లేని ఉత్తి బిళ్ల. 2015లో ఫలితాలొచ్చాయి. నాలుగు వారాల్లోపు ఇంకే చికిత్సా అవసరం లేకుండా గడిచిపోయినవాళ్లు మూడు గుంపుల్లోనూ దాదాపు 80 శాతమే! మందు వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే. అయితే కథ అక్కడితో ఆగలేదు. చైనాలో 3,296 మంది మీద జరిగిన మరో పరీక్షలో, నాళం కింది భాగంలో ఇరుక్కున్న 5 మిల్లీమీటర్లు దాటిన రాళ్లకి ఆ మందు కొంత ఉపయోగపడుతుందని 2018లో తేలింది. కొందరికి డాక్టర్లు ఇప్పటికీ దాన్ని రాయడానికి కారణమిదే.

ఇదంతా చదివి 'ఆగితే సరిపోతుంది' అనుకుంటే ప్రమాదం. రాయి నొప్పితోపాటు చలీ జ్వరం వచ్చిందంటే ఆలోచించడానికి వ్యవధి లేదు. అడ్డుపడ్డ రాయి వెనక చీము పడుతోందన్నమాట. అది రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. అలాగే మూత్రం బొత్తిగా ఆగిపోయినా, ఉన్నది ఒక్కటే కిడ్నీ అయినా, వాంతులతో మందు కడుపులో నిలవకపోయినా తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. అలాంటప్పుడు డాక్టర్లు ముందుగా చేసేది రాయి తీయడం కూడా కాదు, మూత్రానికి దారి చేయడం.

విమానాల కంపెనీ చలవ

రాయిని తీయాల్సి వస్తే ఒకప్పుడు నడుము పక్కన జానెడు కోత తప్పేది కాదు. దాన్ని మార్చింది ఓ విమానాల కంపెనీ అంటే వింతగా ఉంటుంది. జర్మనీకి చెందిన డోర్నియర్‌ సంస్థ, ధ్వని కంటే వేగంగా వెళ్లే విమానాలకి వాన చినుకులు తగిలితే లోహంలో ఎలాంటి తరంగాలు పుడతాయో పరిశీలిస్తుండేది. అలాంటి తరంగాలతో ఒంట్లోని రాయిని బయటి నుంచే పగలగొట్టొచ్చు కదా అన్న ఆలోచన అక్కడ మొలకెత్తింది. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో మొదటి రోగికి చికిత్స జరిగింది. తొలినాళ్ల యంత్రాల్లో రోగిని నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టేవారు. ఇప్పుడు బల్లమీద పడుకుంటే చాలు.

ఆ తర్వాత సన్నటి గొట్టాన్ని మూత్రమార్గంలోంచే పైకి పంపి లేజర్‌తో రాయిని పొడి చేయడం వచ్చింది. రెండు సెంటీమీటర్లు దాటిన పెద్ద రాళ్లకైతే వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి తీస్తారు. తరంగాలా, లేజరా అని రోగులు డాక్టర్ని అడుగుతూనే ఉంటారు. బ్రిటన్‌లో నాళంలో రాయి ఉన్న 613 మందిని రెండు జట్లుగా చేసి చూస్తే, ఆరు నెలల్లోపు మరో చికిత్స అవసరమైనవాళ్లు తరంగాల జట్టులో 22 శాతం, గొట్టంతో తీసిన జట్టులో 10 శాతం. లేజర్‌దే పైచేయి అనిపిస్తుంది. ఇంకోలా చూస్తే, కోతా మత్తూ లేని పద్ధతితోనే దాదాపు ఐదుగురిలో నలుగురికి పని అయిపోయింది. ఏది గొప్పనేది ఎవరు ఎటునుంచి చూస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇప్పుడు అమెరికాలోని సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్‌ వాషింగ్టన్‌ వాళ్లు ఇంకాస్త మెత్తటి దారి వెతుకుతున్నారు. ఒక్కో దెబ్బా గట్టిగా వేసే బదులు చిన్న చిన్న అల్ట్రాసౌండ్‌ తరంగాలను గుత్తులుగా పంపి రాయిని విరగ్గొట్టడం. 19 మంది రోగుల్లోని 23 రాళ్ల మీద పది నిమిషాలకు మించకుండా వాడితే 21 రాళ్లు ముక్కలయ్యాయని 2022లో ప్రకటించారు. ఈ పరిశోధనకు నాసా కూడా డబ్బిచ్చింది. అంతరిక్షంలో ఎముకల్లోని కాల్షియం కరిగి మూత్రంలోకి చేరుతుంది. రాళ్లు పుట్టడానికి అంతకన్నా అనువైన పరిస్థితి లేదు. అక్కడ రాయి కదిలితే పక్కవీధి నర్సింగ్‌హోముకి పరుగెత్తడం కుదరదు కదా!

ఈ సియాటిల్‌ బృందమే అదే ఏడాది మరో మాట చెప్పింది. అది మాత్రం 'ఆగితే మంచిది' అన్నదానికి పూర్తిగా ఎదురు. పెద్ద రాయి ఒకటి తీసేటప్పుడు, మరో పక్క ఏ గొడవా చేయకుండా ఉన్న బుల్లి రాళ్లు కనిపిస్తే చాలామంది వాటిని వదిలేస్తుంటారు. 73 మందిలో సగం మందికి అవి కూడా తీసేసి, మిగతావారికి అలాగే ఉంచి, నాలుగేళ్లకు పైగా గమనించారు. వదిలేసినవారిలో 63 శాతం మందికి మళ్లీ రాళ్ల బాధ. తీసేసినవారిలో 16 శాతానికే. అదనంగా పట్టిన సమయం సగటున ఓ పాతిక నిమిషాలు. అంటే, ఒక్క మౌనమైన రాయి కోసం ఆపరేషన్‌ థియేటర్‌కి వెళ్లాలని కాదు... ఎలాగూ లోపలికి వెళ్లినప్పుడు చిన్నవాటిని కూడా తీసేయడం మేలు. ఆపరేషన్‌కి ముందే డాక్టర్ని ఈ ఒక్క మాట అడగొచ్చు.

అడగాల్సింది ఇంకోటి ఉంది. రాయి తీశాక నాళం మూసుకుపోకుండా లోపల సన్నటి స్టెంటు పెడుతుంటారు. కొన్ని వారాల తర్వాత తీసేయాలి. నొప్పి తగ్గిపోయింది, ఊరికి వెళ్లిపోయారు, పొలం పనులొచ్చాయి... మరచిపోయారు! నెలలు గడిచేకొద్దీ ఆ స్టెంటు చుట్టూనే కొత్త రాళ్లు పేరుకుంటాయి. చివరికి ఆ కిడ్నీకే ముప్పు వస్తుంది. మనదేశంలో యూరాలజిస్టులు తరచూ చూసే తలనొప్పుల్లో ఇదొకటి. డిశ్చార్జి కాగితం మీద స్టెంటు తీసే తేదీ ఉందో లేదో చూసి, గోడమీది క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో సున్నా చుట్టడం ఇంట్లోవాళ్ల పని.

మజ్జిగ కాదు, ఆవకాయ!

రాయి ఉందనగానే మన ఇళ్లలో ముందు ఆగిపోయేవి పాలు, పెరుగు, టమాటా. కాల్షియం రాయి కదా, కాల్షియం మానేస్తే సరి అన్నది లెక్క. వినడానికి బాగానే ఉంది. ఇటలీలోని పార్మాలో డాక్టర్‌ బోర్గీ బృందం దీన్నే పరీక్షకు పెట్టింది. మాటిమాటికీ రాళ్లు వచ్చే 120 మంది మగవాళ్లలో సగం మందికి పాల పదార్థాలు తగ్గించారు. మిగతా సగానికి పాలూ పెరుగూ మామూలుగానే ఇచ్చి, ఉప్పూ మాంసమూ తగ్గించారు. ఐదేళ్ల తర్వాత చూస్తే పాలు తగ్గించినవారిలో 23 మందికి మళ్లీ రాళ్లు. పాలు తాగి ఉప్పు తగ్గించినవారిలో 12 మందికే. 2002లో వచ్చిన ఈ ఫలితం తర్వాత ప్రపంచమంతా డాక్టర్లు సలహా మార్చుకున్నారు. మన వంటిళ్లకు ఆ కబురు ఇంకా పూర్తిగా చేరినట్టు లేదు.

కారణం తేలికైనదే. తిండిలో ఉన్న కాల్షియం పేగుల్లోనే ఆగ్జలేట్‌ని పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. అది లేకపోతే ఆగ్జలేట్‌ తిన్నగా మూత్రంలోకి చేరుతుంది. ఇక ఉప్పు ఎంత తింటే మూత్రంలోకి కాల్షియం అంత ఎక్కువ పోతుంది. కాబట్టి దోషి మజ్జిగ కాదు, అందులో నంజుకునే ఆవకాయ. అప్పడాలూ ఊరమిరపకాయలూ కూడా ఆ జట్టే. టమాటాలో ఆగ్జలేట్‌ అంత ఎక్కువేం ఉండదు. పాలకూరలో మాత్రం నిజంగానే చాలా ఎక్కువ.

నీళ్ల సంగతి కొత్తదేం కాదుగానీ, దానికీ గట్టి సాక్ష్యం ఉంది. ఆ పార్మా బృందమే మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్లు గమనించి 1996లో చెప్పింది... నీళ్లు బాగా తాగమని చెప్పినవాళ్లలో 12 శాతానికి, చెప్పనివాళ్లలో 27 శాతానికి రాళ్లు మళ్లీ వచ్చాయని. ఎన్ని గ్లాసులు తాగామన్నది కాదు లెక్క, రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వస్తోందా అన్నది. మిరప చేలల్లో మండుటెండలో పనిచేసేవాళ్లకి ఎంత తాగినా చాలదు. దారిలో మరుగుదొడ్డి ఉండదని పొద్దుటినుంచీ గొంతు తడుపుకోని ఆడవాళ్లకి 'నీళ్లు బాగా తాగండమ్మా' అని చెప్పి ఊరుకుంటే ఏం లాభం? అది వాళ్ల బద్ధకం కాదు.

మరి ఇన్నేళ్లుగా రాళ్లు మళ్లీ రాకుండా ఇస్తున్న మాత్ర, హైడ్రోక్లోరోథయజైడ్‌? స్విట్జర్లాండ్‌లో 416 మంది మీద మూడు మోతాదుల్లో పరీక్షిస్తే ఏ మోతాదులోనూ ఉత్తి బిళ్లకన్నా చెప్పుకోదగ్గ మేలు కనబడలేదని 2023లో తేలింది. కొండపిండాకు, ఉలవచారు, అరటిదూట రసం, బార్లీ నీళ్లు... వీటికి మాత్రం అలాంటి పెద్ద పరీక్షలేవీ జరగలేదు. చిన్నరాయి దానంతటదే పడిపోయే అవకాశమే ఎక్కువ కాబట్టి, ఆ సమయానికి ఏం తాగుతుంటే దానికి పేరొస్తుంది. బావమరిది ఆఫీసులో ఆయన సంగతీ అదే అయ్యుండొచ్చు.

పదిహేనేళ్లు ఎదురుచూసిన లెక్క

ఇక పీఎస్‌ఏ. ప్రోస్టేటు గ్రంథి మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. వయసుతోపాటు పెరుగుతుంది. అలా పెరిగినా, ఇన్‌ఫెక్షన్‌ సోకినా పీఎస్‌ఏ పెరుగుతుంది. క్యాన్సర్‌ ఉన్నా పెరుగుతుంది. అందుకే ఒక్క రిపోర్టు పట్టుకుని కంగారు పడాల్సింది లేదు. మళ్లీ పరీక్ష చేయించాలి. అప్పటికీ ఎక్కువే ఉంటే?

ఇదివరకు వెంటనే సూదులతో గ్రంథిలోంచి పది పన్నెండు ముక్కలు తీసేవారు. ఇప్పుడు ముందు ఎంఆర్‌ఐ తీస్తున్నారు. 11 దేశాల్లో 500 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. ముందు ఎంఆర్‌ఐ తీసినవారిలో 28 శాతం మందికి ముక్క తీసే అవసరమే రాలేదు. అయినా నిజంగా ప్రమాదకరమైన క్యాన్సర్లు ఆ గుంపులోనే ఎక్కువ దొరికాయి. ఏ అపాయమూ చేయని చిన్నాచితకావి తక్కువ దొరికాయి. చిన్నాచితకావి తక్కువ దొరకడం మంచిదేమిటని సందేహం రావచ్చు. జవాబు బ్రిటన్‌లో ఉంది.

1999లో మొదలుపెట్టి పదేళ్లపాటు అక్కడ 50 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 82,429 మందికి పీఎస్‌ఏ పరీక్ష చేశారు. గ్రంథి దాటి పాకని క్యాన్సర్‌ ఉన్నవారిలో 1,643 మంది ఓ పెద్ద సాహసానికి ఒప్పుకున్నారు. ఆపరేషనా, రేడియేషనా, లేక ఏమీ చేయకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటమా అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించడానికి. క్యాన్సర్‌ ఉందని తెలిసి, వైద్యం లేకుండా ఇంటికెళ్లి పడుకోవడానికి ఎంత గుండె కావాలి! వాళ్లను పదిహేనేళ్లు గమనించి 2023 మార్చిలో చెప్పిన ఫలితం ఇది... మూడు గుంపుల్లోనూ ప్రోస్టేటు క్యాన్సర్‌తో చనిపోయినవారు దాదాపు సమానం. కనిపెట్టుకుని ఉన్నవారిలో 3.1 శాతం, ఆపరేషన్‌ అయినవారిలో 2.2, రేడియేషన్‌ తీసుకున్నవారిలో 2.9. మొత్తమ్మీద 97 శాతం మందిని ఆ క్యాన్సర్‌ చంపలేదు.

దీంట్లో ఇంకో పక్క కూడా చెప్పాలి. కనిపెట్టుకుని ఉన్నవారిలో జబ్బు ఇతర భాగాలకి పాకడం 9.4 శాతం మందిలో జరిగింది. మిగతా రెండింట్లో అది 5 శాతం. అంతేకాదు, ఆగినవారిలో చాలామంది మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు చికిత్స తీసుకున్నవాళ్లే. పదిహేనేళ్లూ ఏ చికిత్సా లేకుండా బతికి ఉన్నవారు నాలుగోవంతు. మరి తొందరపడి ఆపరేషన్‌ చేయించుకుంటే పోయేదేముంది అంటారా? ఏళ్లు గడిచాక కూడా మూత్రం కారిపోతుంటే ప్యాడ్లు పెట్టుకోవాల్సి వచ్చినవారు ఆపరేషన్‌ గుంపులో 24 శాతం. కనిపెట్టుకుని ఉన్నవారిలో 11 శాతం. పెళ్లికి వెళ్లాలన్నా, బస్సెక్కాలన్నా భయపడే మనిషికి ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. దాంపత్య జీవితం మీద పడే దెబ్బ గురించైతే మన ఇళ్లలో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. డాక్టరు దగ్గర భార్యాభర్తలిద్దరూ కూర్చుని అడగాల్సిన మొదటి ప్రశ్న నిజానికి అదే.

తీయించుకోవాలనే నిర్ణయమైతే, వెంటనే వచ్చే మాట రోబో. పొలం అమ్మి అయినా రోబోతోనే చేయించాలనుకునేవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 326 మందికి సగం మందికి రోబోతో, సగం మందికి మామూలు కోతతో చేశారు. రోబోతో రక్తం తక్కువ పోయింది. మూత్రం మీద అదుపు, దాంపత్య జీవితం... ఈ రెండింట్లో మాత్రం పన్నెండు వారాలకీ, రెండేళ్లకీ తేడా లేదు. చేసే చేయి ముఖ్యం, చేతిలో ఏముందన్నది ఆ తర్వాత.

ఇదంతా క్యాన్సర్‌ గ్రంథిలోనే ఉన్నప్పటి మాట. మన దగ్గర చాలామంది ఆస్పత్రికి వచ్చేసరికే అది ఎముకలకి పాకి ఉంటుంది. నడుం నొప్పి అని నెలల తరబడి మర్దనాలు చేయించుకుని వస్తారు. వాళ్లకి బ్రిటన్‌ లెక్క వర్తించదు, ఆగకూడదు. పురుష హార్మోన్‌ని ఆపేస్తే ఈ క్యాన్సర్‌ కుంగుతుందని 1941లో కనిపెట్టిన చార్లెస్‌ హగ్గిన్స్‌కి 1966లో నోబెల్‌ వచ్చింది. ఆ వైద్యానికి మొదట్లోనే అబిరటెరోన్‌ అనే మాత్రను జోడిస్తే ఆయుష్షు పెరుగుతుందని 2017లో రెండు పెద్ద పరీక్షలు తేల్చాయి. దాన్ని పరగడుపున రోజుకి 1000 మిల్లీగ్రాములు వేసుకోవాలి. ఖరీదు భారమే. అయితే తిండితో కలిపి వేసుకుంటే ఈ మందు ఒంటికి ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. దాన్నే ఆసరా చేసుకుని షికాగో పరిశోధకులు అమెరికా, సింగపూర్‌లలోని 72 మందికి రెండు రకాలుగా ఇచ్చి చూశారు. పొద్దున టిఫిన్‌తో 250 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో పీఎస్‌ఏ, పరగడుపున 1000 వేసుకున్నవారితో సమానంగా తగ్గింది. పావు వంతు మందు! చిన్న పరీక్షే, ఆయుష్షు లెక్క తేల్చేంత పెద్దది కాదు. అయినా అమెరికా మార్గదర్శకాల్లో దీనికి చోటు దొరికింది. ఖర్చు మోయలేని కుటుంబాలు డాక్టర్ని అడగాల్సిన సంగతి ఇది. అడక్కుండా సొంతంగా మోతాదు మార్చుకుంటే మాత్రం కొంప మునుగుతుంది. పరగడుపు మోతాదునే తిండితో వేసుకుంటే అది ఎక్కువైపోతుంది.

కిడ్నీ మొత్తం తీసేయాలా?

గ్యాస్‌ నొప్పని స్కానింగ్‌కి వెళ్తే కిడ్నీలో గడ్డ కనిపించడం ఈ రోజుల్లో మామూలైంది. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డల్లో దాదాపు ఐదింటిలో ఒకటి అసలు క్యాన్సరే కాదు. క్యాన్సరైనా చాలావాటికి పెరుగుదల నెమ్మది, సగటున ఏడాదికి మూడు మిల్లీమీటర్లు. వయసులో ఉన్నవారికైతే ఆ గడ్డ వరకే తీసి కిడ్నీని మిగల్చడం ఇప్పుడు పద్ధతి. ఎనభై ఏళ్లు దాటి, గుండెజబ్బూ షుగరూ ఉన్న పెద్దాయనకి కొన్ని నెలలకోసారి స్కానింగ్‌ చేస్తూ గమనించడమే చాలాసార్లు సరైన వైద్యం. ఆపరేషన్‌ తర్వాత మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువున్న 994 మందిలో సగం మందికి ఏడాదిపాటు పెంబ్రోలిజుమాబ్‌ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే, నాలుగేళ్లకి బతికున్నవారు 91 శాతం. ఇవ్వనివారిలో 86 శాతం. మేలుందని 2024లో తేలినా ఆ ఇంజెక్షన్ల ఖరీదు మనవాళ్లలో ఎక్కువమందికి అందేది కాదు.

ఒక్కసారి ఎర్రగా వచ్చినా...

ఇప్పటిదాకా చెప్పిన ఓపికంతా పక్కన పెట్టేయాల్సిన చోటు ఒకటుంది. మూత్రాశయం. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనిపించడం దీని క్యాన్సర్‌కి మొదటి గుర్తు. ఒకసారి ఎర్రగా వస్తుంది. మర్నాటికి మామూలైపోతుంది. వేడి చేసిందనుకుని సబ్జా గింజల నీళ్లు తాగుతారు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ వస్తుంది. ఆడవాళ్లయితే నెలసరి అనో, ఇన్‌ఫెక్షన్‌ అనో మందులు మింగుతూ నెలలు గడిపేస్తారు. రాయి బాధపెట్టి ఆస్పత్రికి పంపిస్తుంది. ఇది బాధపెట్టదు, అందుకే ఆలస్యమవుతుంది.

సిగరెట్లు, బీడీలు, చుట్టలు... ఏ పొగైనా దీనికి పెద్ద కారణం. పొగలోని విషాలను కిడ్నీలు వడకట్టి మూత్రంలోకి పంపిస్తాయి. అది గంటల తరబడి మూత్రాశయంలో నిలవుంటుంది. ఊపిరితిత్తుల సంగతి అందరికీ తెలుసుగానీ ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

పైపొరలోనే ఉండగా పట్టుకుంటే మూత్రాశయాన్ని నిలబెట్టే మందు ఏమిటో తెలుసా? మన పిల్లలకి పుట్టగానే భుజం మీద వేసే బీసీజీ! కెనడాలోని కింగ్‌స్టన్‌లో అల్వరో మొరాలెస్‌ అనే డాక్టర్‌ తొమ్మిది మంది మీద దీన్ని ప్రయత్నించి 1976లో ప్రకటించారు. గడ్డను గీకి తీసేశాక, వారానికోసారి చొప్పున ఆరు వారాలు బీసీజీని సన్నటి గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. రోగి రెండు గంటలు ఆపుకోవాలి. లోపల పుట్టే రియాక్షన్‌తో ఒంట్లోని రక్షణ కణాలు నిద్రలేచి మిగిలిన క్యాన్సర్‌ కణాల మీద పడతాయి. ఏభై ఏళ్లు కావస్తున్నా దీన్ని మించింది తేలిగ్గా రాలేదు.

బీసీజీకి లొంగని రకాలకి ఇదివరకు మూత్రాశయం మొత్తం తీసేసి, పొట్టకి సంచి తగిలించడమే దారి. 2025 సెప్టెంబరులో అమెరికా ఓ కొత్త సాధనానికి అనుమతి ఇచ్చింది. జంతికలా చుట్టుకుని ఉండే సన్నటి గొట్టం అది. మూత్రాశయంలో పెడితే మూడు వారాలపాటు లోపలే ఉండి జెమ్‌సిటబిన్‌ అనే మందును కొద్దికొద్దిగా వదులుతుంది. పరీక్షల్లో 82 శాతం మందిలో క్యాన్సర్‌ కనబడకుండా పోయింది. అందులో సగం మందికి కనీసం ఏడాదిపాటు తిరిగి రాలేదు.

కండరంలోకి దిగిన క్యాన్సర్‌కి కూడా తీసేయడం ఒక్కటే దారి కాదంటున్నారు. అమెరికా, కెనడాల్లో 722 మంది రికార్డులను పోల్చి చూస్తే, తగినవారిని ఎంచుకుని రేడియేషన్‌, కీమోలతో మూత్రాశయాన్ని కాపాడినా, మొత్తం తీసేసినా ఐదేళ్ల తర్వాత జబ్బు పాకకుండా ఉన్నవారు దాదాపు సమానమేనని 2023లో వచ్చింది. చీటీ తీసి చేసిన పరీక్ష కాదు కాబట్టి డాక్టర్లు ఇంకా వాదించుకుంటున్నారు. అయినా పొట్టమీద సంచితో మిగతా జీవితం గడపాలా వద్దా అన్న మనిషికి, అడగడానికి ఒక ప్రశ్న దొరికింది.

ఈ దారులన్నీ తెరుచుకునేది మొదటిసారి రక్తం కనబడ్డప్పుడే వెళ్తే. సన్నటి కెమెరాతో మూత్రాశయం లోపలికి తొంగి చూసే పరీక్షకి పట్టేది కొద్ది నిమిషాలు. మత్తు జెల్లీ రాస్తారు. ఆ పూటే ఇంటికి వచ్చేయొచ్చు.